కిడ్నీ కావాలి: ఇంట్లో అడగాలా, జీవన్‌దాన్ లైనులో నిలబడాలా, డయాలసిస్‌తోనే నడపాలా?

మా బావకు డయాలసిస్ మొదలైన నాలుగో రోజు సాయంత్రం అక్క వాళ్లింట్లో అందరూ కూర్చున్నారు. డాక్టరు మార్పిడి గురించి ఆలోచించుకోమన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. హాల్లో ఉన్న పదిమందీ ఒకేసారి వంటింటి వైపు చూశారు. అక్క టీ పెడుతోంది. అప్పుడు ఆమెకు ముప్పై నాలుగేళ్లు, చిన్న పిల్లకు రెండేళ్లు. బావకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు, వాళ్ల బ్లడ్ గ్రూప్ ఏమిటని కూడా ఆ రోజు ఎవరూ అడగలేదు.

కిడ్నీ పాడైన ఇంట్లో ఎంపిక అంటే మందులు, ఆసుపత్రులు, ఖర్చులు అనుకుంటాం. అసలు ఎంపిక అంతకుముందే, ఆ చూపులోనే జరిగిపోతుంది. దొరకని అవయవాన్ని ఎవరికి ఇవ్వాలన్నదానికి ప్రభుత్వం దగ్గర లెక్క ఉంది, మార్కులు ఉన్నాయి, కమిటీ ఉంది. ఎవరి ఒంట్లోంచి తీయాలన్నదానికి మాత్రం ఇంట్లో ఏ లెక్కా ఉండదు. ఉన్న దారులేమిటో, ఒక్కోదానికి అసలు ఖర్చు ఎవరు పెడుతున్నారో పక్కపక్కన పెట్టి చెప్పాలని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. దాదాపు రెండేళ్లు బావతో డయాలసిస్ సెంటర్ల చుట్టూ తిరిగినవాణ్ణి.

డయాలసిస్‌తోనే ఉండటం

దీన్ని చాలామంది ఎంపికగా లెక్కే చేయరు, మార్పిడి దొరికే దాకా కాలక్షేపం అనుకుంటారు. అది తప్పు. డెబ్బై దాటి గుండె జబ్బు కూడా ఉన్నవాళ్లకు, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకు డయాలసిస్సే సరైన వైద్యం కావచ్చు.

వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. రానుపోనూ ప్రయాణం, తర్వాత వచ్చే నీరసం కలిపితే వారంలో మూడు రోజులు పోయినట్టే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద డయాలసిస్ ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను కూడా ఉంది. కిడ్నీ జబ్బులతో అల్లాడిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం బాధ ఎన్నో ఏళ్లు చూశాక వచ్చిన సాయం అది. అయినా ఉచితం అన్నది మెషిన్ దగ్గరి వరకే. ఆటో ఖర్చు, ఇంజెక్షన్లు, పోయిన కూలి, తోడు వచ్చినవాళ్ల పోయిన కూలి ఏ స్కీములోకీ రావు.

ఇంట్లోనే చేసుకునే సీఏపీడీ ఇంకో పద్ధతి. పొట్టలోకి గొట్టం ద్వారా ద్రవం ఎక్కించి, కొన్ని గంటలకు తీసేసి, మళ్లీ కొత్తది ఎక్కించుకోవాలి. రోజుకు మూడు నాలుగుసార్లు. డయాలసిస్ సెంటర్ అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరివాళ్లకు ఇది పనికొస్తుంది. చేతులు కడుక్కోవడంలో, గది శుభ్రంలో కాస్త ఏమరుపాటు వచ్చినా పొట్టలో ఇన్‌ఫెక్షన్ అవుతుంది. శుభ్రమైన ఒక మూల, ఓపిక ఉన్న ఒక మనిషి ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

వయసులో ఉన్నవాళ్లకైతే మార్పిడే మేలన్నది కిడ్నీ డాక్టర్లందరూ చెప్పే మాట. బతికే కాలం పెరుగుతుంది, రోజు గడిచే తీరు మారుతుంది, కొన్నేళ్ల లెక్క చూస్తే ఖర్చు కూడా తగ్గుతుంది. డయాలసిస్ మొదలు కాకముందే దాత సిద్ధంగా ఉంటే ఇంకా మంచిది. మాకు ఆ సంగతి తెలిసేసరికి ఆ అవకాశం దాటిపోయింది.

ఇంట్లో దాత

ఫలితం పరంగా చూస్తే ఇది అన్నిటికన్నా మంచి దారి. బతికున్న దాత కిడ్నీ సగటున పదిహేను ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. ఆపరేషన్ తేదీ మనమే పెట్టుకోవచ్చు, కిడ్నీ వెంటనే పని మొదలుపెడుతుంది. చట్టం ప్రకారం భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు దగ్గరి బంధువులు. 2011 సవరణతో తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు కూడా చేరారు. వీళ్లు కానివాళ్లు ఇవ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ ముందుకు వెళ్లి, డబ్బు మారలేదని ఒప్పించాలి.

దాతకు ఏమవుతుంది? ఈ ప్రశ్నకు ఇళ్లలో రెండు అబద్ధాలు వినిపిస్తాయి. ఒకటి, ఇక ఆ మనిషి దేనికీ పనికిరాడని. రెండోది, అసలేమీ కాదని. అమెరికాలో దాతల మీద జరిగిన పెద్ద పరిశీలనల్లో ఆపరేషన్ వల్ల చనిపోయేవారు పదివేల మందికి దాదాపు ముగ్గురు. దాతకు మిగిలిన కిడ్నీ తర్వాతెప్పుడో పాడయ్యే అవకాశం, జీవితకాలం మొత్తం మీద, పదివేలకు 90గా లెక్కగట్టారు. అంతే ఆరోగ్యంగా ఉండి దానం చేయనివాళ్లలో అది 14. అంటే చిన్న ప్రమాదమే, కానీ సున్నా కాదు. ఇంకా పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్లకు మరో విషయం: కిడ్నీ ఇచ్చాక వచ్చే గర్భంలో బీపీ సమస్య వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని కెనడా పరిశీలన చెప్పింది. ఈ మాట మా అక్కకు ఎవరూ చెప్పలేదు. నేను చదివి చెప్పాను.

2023లో మన దేశంలో బతికుండి అవయవం ఇచ్చినవాళ్లు 15,435 మంది. వాళ్లలో ఆడవాళ్లు 9,784. అదే ఏడాది చనిపోయాక ఇచ్చిన దాతలు 1,099 మంది. అందులో మగవాళ్లు 844. బతికుండగా ఇచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు. మరి తీసుకునేది? 2019 నుంచి 2023 వరకు చూస్తే బతికున్న దాతల అవయవం అందుకున్నవాళ్లలో దాదాపు డెబ్బై శాతం మగవాళ్లు. ‘సంపాదించేవాడు కదా’ అన్నది ఇళ్లలో వినిపించే కారణం. మగవాళ్లలో బీపీ, షుగర్, తాగుడు వల్ల దాతలుగా పనికిరానివాళ్లు ఉంటారన్నదీ నిజమే. అయితే పరీక్షే చేయించుకోని మగవాడు పనికిరాడని ఎలా తెలుస్తుంది?

భార్య కిడ్నీ ఉచితం అని ఇల్లు లెక్కవేసుకుంటుంది. మిషన్ కుట్టే ఆవిడకు, పొలం పనికి వెళ్లే ఆవిడకు, చంటిపిల్లను ఎత్తుకునే ఆవిడకు కొన్ని వారాలు బరువు ఎత్తకూడదు అంటే అది పోయిన కూలి, వేరేవాళ్ల మీద పడిన పని. జీతమున్న కొడుక్కి అయితే సెలవు లెక్క వేస్తాం. ఆమెకు మాత్రం వేయం.

1962లో అమెరికాలోని సియాటిల్‌లో డయాలసిస్ మెషిన్లు కొన్నే ఉండేవి. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. ఒక పాస్టరు, ఒక లాయరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఇలా. పెళ్లయిందా, పిల్లలెందరు, ఆదాయం ఎంత, చర్చికి వెళ్తాడా అని చూసి బతికేవాళ్లను ఎంచేవారు. పత్రికలో ఆ సంగతి వచ్చాక దేశమంతా ఉలిక్కిపడింది. 1972లో ప్రభుత్వమే డయాలసిస్ ఖర్చు భరించేలా చట్టం వచ్చింది. మా అక్క వాళ్ల హాల్లో కూర్చున్నదీ అలాంటి కమిటీయే. అక్కడ ఎవరు బతకాలో తేల్చారు, ఇక్కడ ఎవరు ఇవ్వాలో నోరు విప్పకుండా తేల్చారు.

అందుకే ఇంట్లో దాతను వెతికేటప్పుడు ఈ వరస పెట్టుకోండి. ముందు చట్టం ఒప్పుకునే వయోజనులందరూ, ఆడా మగా అందరూ, ఒకే రోజు బ్లడ్ గ్రూప్ చూపించుకోవాలి. చిన్న పరీక్షే, కానీ దానితో చూపులు వంటింటి మీంచి మళ్లుతాయి. తర్వాత సరిపోయినవాళ్లలో ప్రతి ఒక్కరినీ డాక్టరు ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడాలని అడగండి. 2014 నిబంధనల ప్రకారం దాత మహిళ అయితే ఆమె సొంత సమ్మతిని రోగి కాక మరొకరు నిర్ధారించాలి. అది కాగితం మీద సంతకంగా మిగలకూడదు. ఇవ్వడం ఇష్టంలేని మనిషి ఆ గదిలో డాక్టరుకు చెబితే, బయటికి ‘వైద్యపరంగా సరిపోలేదు’ అని మాత్రమే చెప్పి పంపే మంచి డాక్టర్లు ఉన్నారు. ఆ మాట మీద ఆరా తీయకండి.

వయసు లెక్క కూడా ఉంది. రోగికి ముప్పై ఏళ్లయితే ఒకసారి వేసిన కిడ్నీ జీవితమంతా పనిచేయకపోవచ్చు, మరోసారి ఇంకోటి కావాల్సి రావచ్చు. అమ్మకు యాభై ఎనిమిది ఉండి ఆరోగ్యంగా ఉంటే, ఇవ్వాలని ఆమే అంటే, ముందు ఆమెది తీసుకోవడంలో తెలివి ఉంది. ఇంకో ఐదేళ్లకు ఆమె ఇవ్వలేకపోవచ్చు. భార్యో తమ్ముడో అప్పటికీ ఇవ్వగలరు.

జీవన్‌దాన్ లైను

బ్రెయిన్ డెడ్ అయినవారి కుటుంబం ఒప్పుకుంటే వచ్చే కిడ్నీ ఇది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా నడుస్తోంది, ఆంధ్రప్రదేశ్‌కు వేరే జీవన్‌దాన్ ఉంది. 2023లో దేశంలో ఎక్కువ మంది మరణానంతర దాతలు తెలంగాణవాళ్లే, 252 మంది. ఒక్కొక్కరి నుంచి రెండు కిడ్నీలు వచ్చాయనుకున్నా, వేల మంది ఎదురుచూసే చోట అది ఎంతకు సరిపోతుంది?

ఈ లైనులో నిలబడటానికి డబ్బు పనిచేయదు. పనిచేయకూడదని చట్టం. ధర లేనిచోట వరుస ఉంటుంది. ఆ వరుసను ఎలా కట్టాలన్నదే నీతి ప్రశ్న. కాలేయానికైతే ఎవరి పరిస్థితి విషమంగా ఉందో వాళ్లకు ముందు ఇస్తారు, ఎందుకంటే కాలేయానికి డయాలసిస్ లాంటి ఆధారం లేదు, ఆగితే పోతారు. కిడ్నీకి ఆ ఆధారం ఉంది కాబట్టి ప్రధానంగా ఎంతకాలం ఆగారన్నది చూస్తారు. అవయవ మార్పిడి చూసే జాతీయ సంస్థ నోటో మార్కుల పద్ధతిలో డయాలసిస్‌పై గడిచిన ప్రతి నెలకూ ఒక మార్కు. పిల్లలకు అదనం. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపే ఫిస్టులా వేయడానికి చోటే మిగలనివాళ్లకు అదనం. గతంలో తన కిడ్నీ ఇచ్చి ఇప్పుడు తనకే అవసరం పడ్డవాళ్లకు అయిదు మార్కులు. మరణించినవారి అవయవాలు ఇచ్చిన కుటుంబంలో దగ్గరి బంధువుకు కూడా అంతే.

నాకు ఇందులో అన్నిటికన్నా న్యాయంగా అనిపించింది ఆ చివరి రెండే. ఇజ్రాయెల్ 2008 చట్టంతో ఇంకా ముందుకు వెళ్లింది, దాతగా సంతకం చేసినవాళ్లకు కూడా లైనులో ప్రాధాన్యం ఇచ్చింది. సంతకం చేయని పేదవాడు, ఆ ఫారం ఎక్కడ దొరుకుతుందో తెలియనివాడు వెనక్కి పోతాడు కదా అన్న భయం నాకు ఉంది. నిజంగా ఇచ్చినవాళ్లకు మాత్రం తిరిగి ఇవ్వడంలో ఆ భయం లేదు.

లైనులో డబ్బు పనిచేయదన్నాను. లైను చుట్టూ మాత్రం పనిచేస్తుంది. ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ ఉండేది కాలిఫోర్నియాలో, 2009లో ఆయన కాలేయ మార్పిడి చేయించుకున్నది టెన్నెసీలో. అక్కడ లైను చిన్నది. ఏ నిబంధనా తప్పలేదు. పిలిచిన కొద్ది గంటల్లో దేశంలో ఎక్కడికైనా చేరగలిగే స్తోమత ఉన్నవాడికి ఆ దారి తెరిచి ఉంది, అంతే. మన దేశంలో 2023లో కేంద్రం స్థానికత నిబంధన తీసేసింది, 65 ఏళ్ల వయసు పరిమితి ఎత్తేసింది, నమోదుకు రుసుము వద్దంది. మంచిదే. కానీ శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాద్ చేరడానికి పట్టే సమయం అందరికీ ఒకటి కాదు.

నమోదు చేసుకునేటప్పుడు ఆసుపత్రి ఎంపిక మీద ఆలోచించండి, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. జీవన్‌దాన్‌లో పేరు ఒక ఆసుపత్రి ద్వారానే వెళ్తుంది. చాలా రాష్ట్రాల్లో దాత ఉన్న ఆసుపత్రి జాబితాకు ఒక కిడ్నీ, ఉమ్మడి జాబితాకు ఇంకోటి వెళ్లే పద్ధతి ఉంది. అలాంటప్పుడు బ్రెయిన్ డెడ్ ప్రకటనలు తరచూ జరిగే పెద్ద ఆసుపత్రిలో మీ పేరు ఉండటం వేరు, ఏడాదికి ఒకటో రెండో జరిగేచోట ఉండటం వేరు. ఆసుపత్రిలోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ని సూటిగా అడగండి: గత ఏడాది ఇక్కడ ఎన్ని కేడవర్ (చనిపోయిన దాతల) కిడ్నీలు వేశారు? నా గ్రూప్‌లో నా ముందు ఎంతమంది ఉన్నారు? నా సీనియారిటీ ఏ రోజు నుంచి లెక్క? ‘ఓ’ (O) గ్రూప్‌వాళ్లు మరీ అడగాలి, వాళ్ల కిడ్నీ ఎవరికైనా పనికొస్తుంది, వాళ్లకు మాత్రం ‘ఓ’ గ్రూపే కావాలి.

మేం ఒక చోట మోసపోలేదు గానీ నష్టపోయాం. బావ మొదట వెళ్లిన డయాలసిస్ సెంటర్‌లో జీవన్‌దాన్ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. పదకొండు నెలల తర్వాత పక్క బెడ్ మీద ఉన్న పెద్దాయన చెబితే తెలిసింది. ఇంట్లో దాత ఉన్నా సరే, అర్హత రాగానే పేరు నమోదు చేయించండి. దాతకు చివరి పరీక్షలో ఏదో తేడా వచ్చి ఆగిపోయిన కుటుంబాలను ఆ సెంటర్‌లోనే రెండింటిని చూశాను.

కేడవర్ కిడ్నీ సగటున బతికున్న దాత కిడ్నీ అంతకాలం పనిచేయదు, మొదటి రోజుల్లో కొంతమందికి డయాలసిస్ కొనసాగించాల్సి వస్తుంది. అయినా ఇంట్లో ఎవరి ఒంటి మీదా కోత పడదు. ఈ మేలును తూకంలో వేయకుండా ‘ఫలితం తక్కువ’ అని మాత్రమే చెప్పడం సరికాదు.

గ్రూప్ కలవనప్పుడు

భార్యది ‘ఎ’ (A) గ్రూప్, భర్తది ‘బి’ (B). ఇంకో ఇంట్లో సరిగ్గా దీనికి ఎదురు. ఆ ఇల్లాలి కిడ్నీ ఈ భర్తకు, ఈ ఇల్లాలిది ఆ భర్తకు. దీన్నే స్వాప్ అంటారు. రెండు ఇళ్ల ఆపరేషన్లూ ఒకేసారి మొదలుపెడతారు, ఒకరు తీసుకున్నాక రెండోవారు వెనక్కి తగ్గే వీలు లేకుండా. ఇలాంటి జతలను డబ్బు లేకుండా కలిపే పద్ధతులు రూపొందించిన ఆల్విన్ రోత్‌కు 2012లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. మన చట్టం 2011 సవరణతో స్వాప్‌ను ఒప్పుకుంది. తెలంగాణ మాత్రం ఉమ్మడి రాష్ట్రపు 1995 చట్టం కిందే చాలాకాలం నడిచి, 2025 మార్చిలో కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ అసెంబ్లీలో తీర్మానం చేసింది. అహ్మదాబాద్‌లోని కిడ్నీ సంస్థ ఈ పనిలో ఎప్పటి నుంచో ముందుంది.

గ్రూప్ కలవకపోయినా, వేరే గ్రూప్‌ను ఎదిరించే యాంటీబాడీలను రక్తంలోంచి తీసేసి చేసే మార్పిడి కూడా ఉంది. అదనంగా లక్షలు అవుతుంది, ఇన్‌ఫెక్షన్ల భయం ఎక్కువ. స్వాప్ దొరికే అవకాశం ఉంటే నేను దానికే ఆగుతాను.

ఫోన్ చేసే మధ్యవర్తి

ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. కాగితాల మీద బంధువును తయారుచేస్తామంటారు. 1994 చట్టం, సవరణల తర్వాత, అవయవ వ్యాపారానికి అయిదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా పెట్టింది. కొన్నవాడికీ వర్తిస్తుంది. చట్టం సంగతి అలా ఉంచి అమ్మిన మనిషిని చూడండి. చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని కలిసి చేసిన పరిశీలన 2002లో వచ్చింది. 96 శాతం మంది అప్పు తీర్చడానికి అమ్మారు. ఏళ్లు గడిచాక కూడా నాలుగింట మూడు వంతుల మందికి అప్పు అలాగే ఉంది. కుటుంబ ఆదాయం మూడో వంతు పడిపోయింది. 86 శాతం మంది ఆరోగ్యం దెబ్బతిందన్నారు. ఇరాన్‌లో ప్రభుత్వమే 1988 నుంచి డబ్బిచ్చే పద్ధతి పెట్టింది, లైను తగ్గిందంటారు. అక్కడా అమ్మేవాడు పేదవాడే. ధర పెడితే అవయవాలు పెరుగుతాయన్న వాదన వింటాను, కానీ చెన్నై లెక్క చదివాక దానికి ఒప్పుకోలేను.

మేం ఏం చేశాం

డబ్బు విషయం ముందు తేల్చుకున్నాం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. నిమ్స్, ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాని కింద మార్పిడి జరుగుతుంది. ఆపరేషన్ కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది తర్వాత జీవితాంతం వాడాల్సిన మందులు. మొదటి ఏడాది నెలకు పదివేలు దాటేదని మా పక్క బెడ్ పెద్దాయన కొడుకు చెప్పాడు. అవి స్కీములో వస్తాయా, ఎంతకాలం వస్తాయి అన్నది ఆపరేషన్‌కు ముందే రాతపూర్వకంగా అడగండి. డబ్బు లేక మందు మానేసినవాడి కిడ్నీ పోతుంది. వాడితోపాటు ఇచ్చినవాళ్ల కిడ్నీ కూడా పోయినట్టే.

నన్ను అడిగితే: అమ్మానాన్నల్లో ఒకరు ఆరోగ్యంగా ఉండి, మనస్ఫూర్తిగా ముందుకొస్తే అదే మొదటి దారి. తోబుట్టువులు తర్వాత. చిన్నపిల్లలున్న భార్యను ఆఖరున, అదీ ఆమే అడిగితే. గ్రూప్ కలవని దాత ఉంటే స్వాప్. ఇవేవీ కాకపోతే సిగ్గుపడకుండా జీవన్‌దాన్, అంతవరకూ శ్రద్ధగా డయాలసిస్.

బావ అన్నదమ్ములిద్దరూ చివరికి పరీక్ష చేయించుకున్నారు. పెద్దాయనకు షుగర్ బయటపడింది. చిన్నాయన గ్రూప్ కలవలేదు. అక్క ఇస్తానంది, నిజంగానే అంది, ఆ మాట నేను ఇవాళ్టికీ నమ్ముతాను. వద్దన్నది బావే. “పిల్లలకు ఒకరైనా పూర్తిగా ఉండాలి” అన్నాడు. జీవన్‌దాన్ నుంచి రెండుసార్లు పిలుపొచ్చింది, రెండుసార్లూ వెయిటింగ్‌లో రెండో మనిషిగా. దాతతో సరిపోతుందో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష కోసం రక్తం ఇచ్చి, తెల్లారేదాకా కూర్చుని, తిరిగి వచ్చేశాం. మూడోసారి రాత్రి పదకొండున్నరకు ఫోన్ వచ్చింది. తలుపు పక్కన బ్యాగు ఎప్పుడూ సర్ది ఉండేది: రిపోర్టుల ఫైలు, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు, రెండు జతల బట్టలు, ఛార్జరు. అక్క బ్యాగు తీసుకుంది, నేను బండి తాళాలు తీసుకున్నాను. ఏమీ తినకూడదని కోఆర్డినేటర్ చెప్పింది. బావ చేతిలో సగం తిన్న ఇడ్లీ ప్లేటు అలాగే కింద పెట్టాడు.